మడత దాకా మా అత్తది

మా కొట్లో ఆవాలు నవలల్లో కడతారు.

ఇది వినగానే సాహిత్యానికి అవమానం జరిగిందని బాధపడేవాళ్ళుంటారు. కొత్తలో నేనూ బాధపడ్డాను, ఓ పూట. మర్నాడు నేనే ఆవాలు కట్టాల్సి వచ్చాక బాధ తగ్గింది. దినపత్రిక అయితే కత్తిరించుకోవాలి. వారపత్రిక కాగితం నునుపు, మడత నిలవదు. పోటీ పరీక్షల గైడు మరీ వెడల్పు. నవల కాగితం మాత్రం చిన్న పొట్లానికి కొలతిచ్చి చేయించినట్టుంటుంది. చింపడం, చుట్టడం, కొస లోపలికి తోయడం, అంతే. రచయితలు ఎంత కష్టపడి రాస్తారో నాకు తెలియదు గాని, ఆ సైజు నిర్ణయించినవాళ్ళు మాత్రం ఎవరో కిరాణా కొట్టువాళ్ళే అయ్యుంటారు.

మాది అరకు దారిలో రైలు లైను పక్కన, వారానికోసారి సంత జరిగే ఊరు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఓ గుమ్మం. ఆ గుమ్మానికి తలుపుంది గాని అది మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేను విజయనగరం వైపు పల్లపు ఊళ్ళో పుట్టి, పెళ్ళయి కొండెక్కినదాన్ని. ఇక్కడివాళ్ళు మా ఊరి వైపుని మొత్తంగా ‘కింద’ అంటారు. మా ఆయన సరుకు కోసం ‘కిందకి’ వెళ్తాడు. పుట్టింటికి వెళ్తే నేనూ ‘కిందకి’ వెళ్ళినట్టే. అక్కడేమో మా అమ్మ, నేను పెద్ద స్థాయికి ఎదిగినట్టు, “మా అమ్మాయి పైన ఉంటాది” అని చెప్పుకుంటుంది.

గుహలు చూడటానికి వచ్చే టూరిస్టుల వల్లనో, మరెందువల్లనో, ప్లాస్టిక్ కవర్లు వాడొద్దని గట్టిగా చెప్పడం మొదలయ్యాక మా అత్త అటక మీది పురికొస ఉండని కిందకి దించింది. బెల్లం, చింతపండు లాంటివి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల్లో కడుతుంది. పొడి సరుకులకి కాగితం. కింద నుంచి సరుకుతో పాటు పాత కాగితాల కట్టలు కూడా రావడం అప్పుడే మొదలైంది. అందులో అన్నీ ఉంటాయి. గైడ్లు, పాత క్యాలెండర్లు, ఎవరిదో పెళ్ళి శుభలేఖలు మిగిలినవి, అప్పుడప్పుడూ నవలలు.

నేను డిగ్రీలో బాగా చదివేదాన్నని చెప్పుకుంటాను. పాఠాలు కాదు, కథలు, నవలలు. రోజూ లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఇది చెప్పేటప్పుడు గొంతు కొంచెం బరువెక్కుతుంది కూడా. కాకపోతే హాస్టల్లో ఫ్యాన్లు తిరిగేవి కావు, లైబ్రరీలో తిరిగేవి. ఆ సంగతి సాధారణంగా చెప్పను.

పెళ్ళయ్యాక ఒక గుంట, అంటే ఆడపిల్ల, పుట్టింది. తరవాత ఒక గుంటడు పుట్టాడు. గుంట ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్ళొస్తుంది. గుంటడు నడక వచ్చి బుద్ధి రాని వయసులో ఉన్నాడు. వీళ్ళిద్దరూ పుట్టాక నేను చదివినవల్లా మందు సీసాల వెనక చీటీలు, పాల డబ్బా మీది సూచనలు. ఆ పాల డబ్బా రచన బాగుంటుంది, అనవసరమైన మాట ఒక్కటి ఉండదు. అయినా ఎన్నిసార్లని చదువుతాం.

పిల్లలు పడుకున్నాక చదువుకోవచ్చుగా అని చాలామంది సలహా ఇచ్చారు. పిల్లలు పడుకున్నాక నేను పడుకుంటాను. పిల్లలు పడుకోక ముందు కూడా ఒక్కోసారి పడుకుంటాను. ఫోన్లో చదువుకో అన్నాడు మా ఆయన. మా ఇంట్లో ఫోను నాది కాదు. దాని అద్దం వెలిగిందంటే ఇద్దరూ ఎక్కడున్నా వచ్చి వాలతారు, చేపల పాట పెట్టమంటారు. కాగితం పుస్తకమైతే వాళ్ళు పట్టించుకోరు. అందులో చేపలుండవు.

అలాంటి రోజుల్లో, చలికాలం మొదట్లో, కాగితాల కట్టలో ఒక నవల కనబడింది. అట్ట లేదు. పేరు లేదు. రాసినవాళ్ళ పేరు కూడా లేదు. మొదటి పేజీలు కొన్ని అప్పటికే మా అత్త చేతుల్లో ఆవాలైపోయాయి. ఇంకో కాగితం చింపబోతుంటే అందులో ఒక వాక్యం నా కళ్ళబడింది: “ఆయన ఈ నెల కూడా భోజనానికి డబ్బు ముందే కట్టాడు, ఈ నెల కూడా భోజనానికి దిగిరాలేదు.”

“అత్తా, అది సింపకు” అన్నాను.

“ఏటి, ఏదైనా కావాల్సిన కాగితమా?”

“కాదు. చదువుతాను.”

మా అత్త పురికొస పళ్ళతో పట్టుకుని ఉంది. దాన్ని తీసి నా వంక చూసింది.

“ఎప్పుడు?” అంది.

వెటకారం కాదది. నిజంగానే అడిగింది. నేను నోరు తెరిచేలోగా గుంటడు కందిపప్పు డబ్బాలో కాలు పెట్టాడు. కాలు తీసి, కడిగి, మళ్ళీ వచ్చేసరికి మా అత్తే ఒక ఒప్పందం ఆలోచించి పెట్టింది.

“సూడమ్మా, నవల కాగితం లేకపోతే నాకు సంతలో సెయ్యాడదు. నీకు సదూకోవాలనుంది. సదివీసిన కాగితాలు మళ్ళీ సదూతావేటి?”

“సదవను.”

“అయితే సదివీసినవి నావి. సదవనివి నీవి. నువ్వెక్కడ దాకా సదివినావో నాకెలగ తెలుస్తాది మరి?”

“మూల మడిచి పెడతాను.”

“అయితే మడత దాకా నాది” అంది మా అత్త. ఆవిడ చదువుకోలేదు, సంతకం మాత్రం పెడుతుంది. మడత గుర్తుపట్టడానికి అక్షరాలక్కర్లేదు.

అలా మొదలైంది. సంత రోజు పొద్దున్నే మా అత్త పుస్తకం తీసి, మడత దాకా ఉన్న కాగితాలు పళ్ళు తోముకున్నంత మామూలుగా చింపుకుని పోయేది. మిగిలిన పుస్తకం నాకు. వారం వారం సన్నబడుతున్న పుస్తకాన్ని చదవడంలో ఒక సుఖముంది. మిగిలింది ఎంతో చేతికే తెలుస్తుంది. ఇబ్బంది కూడా ఉంది. వెనక్కి తిప్పి ఈ మనిషి ఎవరో చూద్దామంటే, ఆ మనిషి అప్పటికే ఎవరింట్లోనో పోపు డబ్బా పక్కన ఉంటాడు.

కథ ఇదీ. రైలు స్టేషను పక్కన ఒకావిడ భోజనాల హోటలు నడుపుతుంది. భర్త పోయాడు. మేడ మీది గదిలో ఒక గుమాస్తా అద్దెకి దిగాడు. నెల మొదట్లోనే భోజనాల డబ్బు కట్టేస్తాడు. కాని ఒక్కపూట కూడా తినడానికి కిందకి రాడు. ఆవిడ రోజూ మెట్ల దగ్గరికెళ్ళి, “ఇవాళా రాలేదేమండీ” అని అడుగుతుంది. “ఆకలి లేదండీ” అంటాడు. ఇదే కథ. హత్యలు లేవు. ఆస్తి తగాదాలు లేవు. ఆ మనిషి ఎందుకు తినడం లేదు అన్నదొక్కటే ప్రశ్న, దాని మీదే అన్ని పేజీలూ నడిపించారు.

నాకు చదివే చోటు కుంపటి పక్కన దొరికింది. మా కొండల్లో చలికాలం పిల్లల బట్టలు ఎండవు. పొద్దున ఆరేసినవి మధ్యాహ్నానికి మరింత తడుస్తాయి, మంచుకి. అందుకని బొగ్గుల కుంపటి మీద వెదురు బుట్ట బోర్లించి, దాని మీద చిన్న చిన్న బట్టలు పరిచి ఆరబెడతాం. ఎవరో ఒకరు దగ్గరుండి తిప్పాలి. ఆ ఎవరో ఒకరు నేను. ఇంతకు ముందు ఉట్టినే కూర్చునేదాన్ని, ఇప్పుడు పుస్తకంతో. బట్ట తిప్పడం, పేజీ తిప్పడం. కథ బాగున్న చోట గుంటడి చొక్కాలు రెండు మాడాయి.

కూర్చుని తెరిచేదాన్ని. “అమ్మా” అనేది గుంట. మూల మడిచి, మూసి, లేచేదాన్ని. వచ్చి కూర్చుని తెరిచేదాన్ని. గుంటడు దేన్నో పడేసేవాడు. మూల మడిచి, మూసి, లేచేదాన్ని. గుంట నా పక్కనే పీట మీద కూర్చుని ఇదంతా చూస్తుండేది. చూడటానికి ఇంట్లో అంతకన్నా ఏమీ లేదు మరి.

మొదటి వారం మడత ఎంతో దూరం పోలేదు. సంత పొద్దున మా అత్త పుస్తకం తీసి చూసి, నా వైపు ఎత్తి పట్టుకుంది.

“ఏటే, ఇంతేనా? దీంతో జీలకర్రకి కూడా సాలదు. వారమంతా ఏటి సేసినావు?”

“నీ మనవల్ని పెంచాను.”

“అది ఎలాగూ సేత్తావు. సదవడం మాటేటి?”

నా జీవితంలో ఎవరూ నన్ను తక్కువ చదివావని తిట్టలేదు, పరీక్షలు తప్ప. మా అత్త తిట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఆ తరవాత నుంచి మధ్యాహ్నం కొట్లో బేరాలు మందంగా ఉండే వేళ గుంటణ్ణి పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. వాణ్ణి పెద్ద కాటా పళ్ళెంలో కూర్చోబెడితే అటూ ఇటూ ఊగుతూ సంతోషంగా ఉండేవాడు. బేరానికి వచ్చినవాళ్ళు వాణ్ణి దించేదాకా ఆగేవాళ్ళు.

ఒకరోజు మా ఆయన భోజనానికి కూర్చుని, “కూరేటి?” అన్నాడు.

“పచ్చడి” అన్నాను.

“అది పచ్చడి. కూరేటి?”

గుమ్మం అవతల కొట్లోంచి మా అత్త అంది, “దాన్ని పీకకురా. సదూతంది. రేపు సంత. కాగితాలొద్దా?”

మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కొట్టుకీ, నా చదువుకీ, తన కూరకీ సంబంధమేమిటో ఆయనకి అందలేదు. తనకి చెప్పకుండా ఇంట్లో ఏదో పరిశ్రమ పెట్టారని అర్థం చేసుకుని, పచ్చడితోనే తిని లేచాడు. స్త్రీ స్వేచ్ఛ గురించి డిగ్రీలో నేనొక వ్యాసం రాశాను, బహుమతి కూడా వచ్చింది. ఆవాల పొట్లాల ద్వారా వస్తుందని మాత్రం అందులో రాయలేదు.

కొన్నాళ్ళకి మా అత్తకి కాగితాలొక్కటే సరిపోలేదు.

“తిన్నాడేటి ఆడు?” అని అడిగేది, బియ్యం కొలుస్తూ.

“ఇంకా లేదు.”

“డబ్బులిచ్చి తినకపోడమేటి, ఆడికేమైనా తిక్కా? ఆవిడ వంటలో ఉప్పెక్కువైపోతాదేమో. మొగమాటానికి సెప్పలేక ఆకలి లేదంటన్నాడు.”

“వేరేవాళ్ళంతా తింటున్నారు అత్తా.”

“ఆళ్ళకి అలవాటైపోనాది.”

మరో రోజు, “ఆడికి కడుపులో పుండు ఉంటాది. మా పెద్దన్నకి అలాగే ఉండీది” అంది. ఇంకో రోజు ఆ మనిషి దొంగ అని తేల్చింది. ఎందుకంటే మేడ మీంచి దిగితే ఎవరైనా గుర్తుపడతారు. ఇదేదో బాగానే ఉందని నేనూ ఒక పూట నమ్మాను. తరవాతి పేజీల్లో ఆయన రోజూ ఆఫీసుకి దిగి వెళ్తాడని ఉంది. చెబితే మా అత్త రచయిత మీద కోప్పడింది, “ముందే సెప్పొద్దేటి” అని. ఆ ముక్క మొదటి పేజీల్లో ఉండే ఉంటుంది. వాటిలో ఆవాలు కట్టింది ఎవరని నేను అడగలేదు.

ఇలా సంతలు గడిచి, పుస్తకం చివరికి వచ్చింది. నా చేతిలో ఇంక పల్చని దొంతర మిగిలింది. ఆ రోజు గుమాస్తా మొట్టమొదటిసారి భోజనానికి మెట్లు దిగుతున్నాడు. హోటలావిడ మడిచిన విస్తరి విప్పుతోంది. నేను బట్ట తిప్పడం మానేసి చదువుతున్నాను. అప్పుడే గుంటడు ముక్కులో పచ్చి బఠాణీ పెట్టుకున్నాడు. తుమ్మించి తీయడానికి మా అత్త మిరియాల పొడి పట్టుకొచ్చింది. అది వాడికి కాక నాకు పని చేసింది. నేను తుమ్ముతుంటే వాడు నవ్వాడు, నవ్వులో బఠాణీ ఊడిపడింది. ఆ కంగారులోనూ మూల మడిచే లేచాను. నేను ఎన్నో మర్చిపోతాను గాని మడత మర్చిపోను.

మర్నాడు సంత. మిగిలింది సంత అయ్యాక మధ్యాహ్నం చదువుదామనుకున్నాను.

సంత పొద్దున మా ఊరు మా ఊరిలా ఉండదు. పై ఊళ్ళ నుంచి జీపులు, జీపు లోపల ఎంతమందో పైన అంతమంది, మిరియాలు, అల్లం, రాజ్మా బస్తాలు. అమ్ముకోవడం అయ్యాక మా కొట్టుకి వచ్చి ఉప్పు, కారం, పోపు సామాన్లు కొనుక్కుంటారు. అలాంటి పొద్దున నేను పెరట్లో గుంటడికి స్నానం చేయిస్తున్నాను. తల తుడిచి, నూనె రాసి, వాణ్ణి చంకనేసుకుని కొట్లోకి వచ్చేసరికి మా అత్త మొహం వెలిగిపోతోంది.

“మొత్తం సదివీసినావు కదే” అంది. “ఇప్పుడు సెప్పు. ఎందుకు తినలేదట?”

“మొత్తం ఎక్కడ చదివాను? కొంచెం మిగిలింది.”

“మడత ఆఖరుదాకా ఉందే.”

నేను పుస్తకం కోసం చూశాను. పుస్తకం లేదు. వెన్ను మాత్రం ఉంది, దారాలూ జిగురూను. మా అత్త మాట తప్పలేదు. మడత దాకా చింపుకుంది. మడత చిట్టచివరి కాగితానికి ఉంది.

“నాను మడవలేదు” అన్నాను. కంగారులో నాకూ మా ఊరి మాట వచ్చేస్తుంది.

“మరెవరు మడిసినారు? మీ ఆయనేటి?”

మా ఆయన కాటా దగ్గర నుంచి తల అడ్డంగా ఊపాడు. ఆ పుస్తకంతో తనకే సంబంధం లేదని ఎక్కడైనా ప్రమాణం చేసేలా ఉన్నాడు.

పీట మీంచి గుంట లేచి నిలబడింది.

“నానే సదివాను” అంది. గర్వంగానే అంది.

“ఏం చదివావే?”

చేసి చూపించింది. గాల్లో పుస్తకం తెరిచింది. కొంచెంసేపు మొహం ముడుచుకుని చూసింది. ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగింది. వేళ్ళతో మూల మడిచింది, మూసింది, లేచింది. “అమ్మలాగ” అంది.

ఒక్క తప్పు లేదు. ఆ మొహం ముడుచుకోవడం కూడా నాదే. నా కూతురికి తెలిసిన చదవడమంటే అదీ, మూల మడవడం. అక్షరాల సంగతి నేను దానికి ఎప్పుడూ చూపించనే లేదు, నాకే అంతసేపు దొరికేది కాదు. ఇలాంటప్పుడు తల్లి గుండె ఏమవుతుందో నవలల్లో రాస్తారు. నాకు నవ్వొచ్చింది. తరవాత పొట్లాల సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

“ఎన్ని పొట్లాలు పోయాయి?”

“నవల కాగితాలు బాగున్నాయని ముందు అయ్యే కట్టినాను” అంది మా అత్త. ఇంక ఆవిడ ఆలోచించలేదు. సంత రోజు అన్నానికి కూడా గల్లా పెట్టె ముందు నుంచి లేవని మనిషి, పాత దినపత్రిక ఒకటి, పురికొస ఉండ చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. నేను గుంటణ్ణి చంకన పెట్టుకుని వెనకాల.

సంతలో ఒకరి పొట్లం వెనక్కి అడగడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఎండు చేపల దగ్గర మొదటామె దొరికింది.

“అమ్మా, నీ జీలకర్ర పొట్లం ఓపాలి ఇలగియ్యి. కాగితం మార్చి ఇచ్చీస్తాను.”

ఆమె పొట్లాన్ని వెనక్కి దాచుకుంది. “ఏల సావుకారమ్మా? తూకం తప్పిందా?”

“తూకం బాగానే ఉంది. కాగితం కావాల.”

“కాగితమేటి సేసుకుంటావు?”

“సదూకుంటాది, మా కోడలు.”

ఆమె నన్నూ, నా చంకలో నూనె కారుతున్న గుంటణ్ణీ చూసింది. నమ్మలేదు. తూకంలో ఏదో జరిగిందని, షావుకారమ్మ ఇప్పుడు దిద్దుకోవడానికి వచ్చిందని ఆమె లెక్క. మా అత్త గత్యంతరం లేక, “కొసరేసి ఇస్తాను, పద” అంది. ఆ మాట చేపల దగ్గర నుంచి గాజుల దగ్గరికి, గాజుల నుంచి కుండల దగ్గరికి మాకన్నా ముందు వెళ్ళిపోయింది. షావుకారమ్మ కాగితం వెనక్కిస్తే కొసరేస్తోందట. కాసేపటికి మేమెవరినీ వెతకక్కర్లేకపోయింది. మా కొట్టు ముందు జనం. క్యాలెండరు కాగితం తెచ్చినవాళ్ళూ, గైడు కాగితం తెచ్చినవాళ్ళూ, పక్క కొట్లో కొన్న పొట్లం తెచ్చినవాళ్ళు కూడా వచ్చారు.

“నవల కాగితమే” అని మా అత్త అరుస్తోంది. “సిన్నది, పసుపుపచ్చ కాగితం.”

మా ఆయన నెమ్మదిగా నా పక్కకి వచ్చి, “ఆ పుస్తకం కొత్తది కొంటే ఎంతవుతాది?” అన్నాడు.

“పేరు తెలీదు.”

ఆయన వెళ్ళి కొసరు వేయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి దొరికినన్ని దొరికాయి. తలుపు దగ్గర చాప పరిచి, కారం దులిపి, పేజీ అంకెల ప్రకారం పేర్చాను. పసుపు అంటినవి కొన్ని, వాము వాసనవి కొన్ని. కొట్లో బేరం వదిలేసి మా అత్త నా భుజం మీంచి వంగింది. పైకి చదివాను. గుమాస్తా మెట్లు దిగాడు. విస్తరి ముందు కూర్చున్నాడు. ఆవిడ అన్నం వడ్డించింది, పప్పు వేసింది, నెయ్యి వేసింది. “ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?” అని అడిగింది. ఆయన అన్నంలో చెయ్యి పెట్టి, తలెత్తి, “ఎందుకంటే” అన్నాడు.

కాగితం అయిపోయింది.

“ఊఁ?” అంది మా అత్త.

తరవాతి కాగితం లేదు. దాని తరవాతది ఉంది, మూల మడిచి. అది పుస్తకం అచ్చువేసినవాళ్ళ ప్రకటన. మా ఇతర ప్రచురణలు: సులభంగా కుట్టు పని, ఇంటి వైద్యం, పిల్లలకు పేర్లు.

మా అత్త లేచి, ఆ ప్రకటన కాగితం తీసుకెళ్ళి అందులో ఆవాలు కట్టేసింది.

పోయిన ఆ ఒక్క కాగితమూ ఎక్కడికెళ్ళిందో వారమంతా గుర్తుచేసుకుంది. మొదటి జీపులో పై ఊరికి వెళ్ళిపోయిన ఒకామె జీలకర్ర కొన్నదని తేల్చింది. తరవాతి సంతకి ఆమె రాగానే, బేరం కూడా కాకుండా అడిగింది.

“ఆ కాగితమా?” అందామె. “పొయ్యి ముట్టించీసినాం గదమ్మా. ఏల, డబ్బు కాగితమా?”

“కాదులే” అని మా అత్త ఆ కథంతా ఆమెకి చెప్పింది. నేను లోపల కుంపటి దగ్గర నుంచి విన్నాను. నాకన్నా బాగా చెప్పింది. మెట్ల దగ్గర ఆవిడ అడగడం, ఆయన లేదనడం, రెండు గొంతులతో. అంతా విని ఆమె, “మరేల తినలేదు?” అంది.

నేను చెవులు రిక్కించాను.

“తినీస్తే ఆవిడ మరి అడగదు గదా” అంది మా అత్త. “తినకపోతే రోజూ మెట్ల దగ్గరికొచ్చి, ఏల రాలేదండీ అని అడుగుద్ది. ఆ మాట కోసం.” కాటా పళ్ళెం చప్పుడు వినబడింది. “మా ఇంటాయనా అంతే. కాఫీ ముట్టుకునీవాడు కాదు. సల్లారిపోతంది, తాగవేటి అని నాను అడగాల.”

ఆమె తృప్తిగా తల ఊపి, ఆ రోజు కొసరు కూడా అడక్కుండా వెళ్ళింది. ఇది విని నేను కొంచెం కదిలిపోయిన మాట నిజం. సాయంత్రం మా ఆయనతో చెప్పాను. “నాన్నకి కాఫీ పడేది కాదు, కడుపులో మంట” అన్నాడు. నిజమేదైనా, మా ఊళ్ళో ఆ నవలకి ఇప్పుడు ముగింపు మా అత్తదే. సంతకి వచ్చే ఊళ్ళన్నిటికీ అదే చేరింది.

తరవాతి కట్ట వచ్చినప్పుడు మా అత్తే ముందు విప్పింది. వెతికి వెతికి ఒక నవల తీసింది. అట్ట ఉంది, మొదటి పేజీ ఉంది. తిరగేసి ఆఖరు పేజీ కూడా ఉందో లేదో నన్ను చూసి చెప్పమంది. తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము మీద, ఎవరి చేతికీ అందకుండా పెట్టింది.

“దీన్ని ముక్కలు ముక్కలుగా వొద్దు. మొత్తం సదివీసి అప్పుడియ్యి. ఒకేసారి సింపుతాను.”

“మరి సంతకి కాగితాలు?”

“గైడ్లు కత్తిరించుకుంటాన్లే.” కత్తెర వెతుక్కుంటూ, “తొందరేటి లేదు, బేగి సదువు” అంది. “నువ్వొక్కద్దానివే కాదు. పైకి సదువు.”

అప్పటి నుంచి మధ్యాహ్నం కొట్లో బేరాలు మందంగా ఉండే వేళ గుమ్మంలో కూర్చుని పైకి చదువుతున్నాను. ఒక పక్క మా అత్త, కాటా పళ్ళెంలో గుంటడు. ఎవరైనా పిలిస్తే మా అత్త, “ఆగు, సదూతంది” అంటుంది. ఒకరిద్దరు ఆగడం కాదు, కూర్చుంటున్నారు కూడా. గుంటకి దాని సొంతానికి ఒక గైడు ఇచ్చాం, ఎన్ని మూలలైనా మడుచుకోమని. ఒకట్రెండు రోజులు మడిచింది. తరవాత మడవడం మానేసి ఉట్టినే తెరుచుకుని కూర్చుంటోంది, నా పక్కనే, పెదాలు కదుపుతూ.

మొన్న అన్నం కలిపి, “బేగి రా, సల్లారిపోతుంది” అని పిలిచాను.

తలెత్తలేదు. “ఉండమ్మా” అంది. “ఈ పేజీ అయిపోనీ.”

గైడు తలకిందులుగా ఉంది. రైల్వే ఉద్యోగాలకి సంబంధించిన లెక్కలు. ఆ పేజీ అవడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా నాదీ ఒకటి అయింది.